జీతం పెంచినా ఆయాలు ఎందుకు మానేస్తున్నారు?

ప్రశ్న: నేను ఏ.ఎన్.ఎం. (సహాయక నర్సు కోర్సు) చదివి, పదకొండేళ్లు ఆసుపత్రుల్లో పనిచేసి, మూడేళ్లుగా హైదరాబాదు శివారులోని ఒక ప్రైవేటు వృద్ధుల కేర్ హోమ్‌లో ఇన్‌ఛార్జిగా ఉన్నాను. మా దగ్గర 42 మంది పెద్దవాళ్లు ఉన్నారు. సగానికి పైగా మంచం మీదే ఉంటారు, పదిమందికి పైగా మతిమరుపు జబ్బు ఉంది. వాళ్లను చూసుకునే ఆయాలు, కేర్‌టేకర్లు 14 మంది. గత ఎనిమిది నెలల్లో తొమ్మిదిమంది మానేశారు. జీతం తక్కువ కాబట్టే వెళ్లిపోతున్నారని యజమానిగారితో వాదించి 14,000 ఉన్నదాన్ని 16,000 చేయించాను. ఆ తరువాత కూడా నలుగురు వెళ్లిపోయారు. ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదని ఆయన అంటారు. వెళ్లిన వారిలో పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి చాలా పనిమంతురాలు. ఎందుకు మానేస్తున్నావని అడిగితే, 'మేడమ్, పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది లోపల పదిమందికి స్నానం చేయిస్తాను. ఒక్కరి మొహం కూడా సరిగ్గా చూడను' అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. నిజం చెప్పాలంటే నాకు కూడా ఈ మధ్య ఏమీ అనిపించడం లేదు. మొన్న ఒక మామ్మగారు పోతే ఏడుపు రాలేదు సరికదా, మంచం ఖాళీ అయిందని ఆఫీసుకు చెప్పాలన్న ఆలోచనే ముందు వచ్చింది. లోపం వాళ్లలో ఉందా, నాలో ఉందా? ఏం చేస్తే వాళ్లు తృప్తిగా పనిచేస్తారు? — ఒక ఇన్‌ఛార్జి, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ దగ్గర పనిచేసేవారికి తృప్తి ఎందుకు లేదన్నది ఒకటి, మీ మనసు ఎందుకు మొద్దుబారిందన్నది రెండోది. ఈ రెండిటికీ మూలం ఒక్కచోటే ఉందనీ, ఆ చోటును పార్వతీపురం అమ్మాయి మీకు వేలు పెట్టి చూపించి వెళ్లిందనీ నాకు అనిపిస్తోంది. పదిమందికి స్నానం చేయించడం కష్టమని ఆమె అనలేదు. మలమూత్రాలు ఎత్తడం అసహ్యమనీ అనలేదు. ఎవరికి చేస్తోందో ఆ మనిషిని చూడలేకపోతున్నానని మాత్రమే అంది. సేవాభావం లేని పిల్ల నోటి నుంచి ఆ మాట రాదు. ఆమెలో ఉన్నదాన్ని మీ డ్యూటీ చార్టు వాడుకోలేకపోయింది, అంతే.

నేను ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో నర్సుగా పనిచేసి, చివరి కొన్నేళ్లు కొత్తగా వచ్చే పిల్లలకు పని నేర్పించాను. ఆ అనుభవంతో ముందుగా ఒక చిన్న విషయం చెబుతాను, పేరు గురించిన సంగతే అయినా మీకు పనికొస్తుంది. పాశ్చాత్య దేశాల్లో నర్సింగ్ హోమ్ అంటే పెద్ద వయసువారు చివరిదాకా ఉండే చోటు. మన ఊళ్లలో ఆ పేరు పది ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రికి స్థిరపడిపోయింది. పేరుతో పాటు మన బుర్రలో ఆసుపత్రి పద్ధతి కూడా స్థిరపడింది. ఆసుపత్రిలో రోగి వస్తాడు, నయమై చెప్పులు వేసుకుని ఇంటికి వెళతాడు. అక్కడ పనిచేసేవాళ్లకు ఆ వెళ్లిపోవడంలోనే కష్టానికి ఫలితం కనిపిస్తుంది. మీ దగ్గరున్న 42 మందిలో దాదాపు ఎవరూ అలా వెళ్లరు. నయం చేశామన్న తృప్తి అక్కడ దొరకదు కాబట్టి, ఒక మనిషిని బాగా ఎరిగి చూసుకున్నామన్న తృప్తి ఒక్కటే మిగులుతుంది. పదకొండేళ్లు ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చిన మీరు, మీకు తెలియకుండానే, అక్కడి వార్డు ఏర్పాటును తెచ్చి ఇక్కడ పెట్టి ఉంటారు. స్నానాలకు ఇద్దరు, తినిపించడానికి ఇద్దరు, డైపర్లు మార్చి పక్కకు తిప్పడానికి ఇద్దరు అన్న విభజన చూడటానికి చక్కగానే ఉంటుంది. అయితే ఆ విభజనలో ఏ ఆయాకూ ఒక మనిషి దక్కడు. ఒకరికి వీపులు దక్కుతాయి, ఒకరికి నోళ్లు, ఇంకొకరికి మడమలు.

జీతం సంగతి ఇక్కడితో ముగిసిందని మాత్రం అనుకోకండి. పెంచినా వెళ్లిపోయారు కాబట్టి డబ్బుతో పని లేదన్న తీర్మానానికి మీ యజమానిగారు ఈపాటికే వచ్చి ఉంటారు. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను వాళ్ల ఉద్యోగాల గురించి అడిగి, మనిషిని పనిలో అసంతృప్తికి గురిచేసేవి వేరు, తృప్తినిచ్చేవి వేరు అని తేల్చాడు. జీతం, పై అధికారి తీరు, నియమాలు, వసతులు సరిగా లేకపోతే మనిషి బాధపడతాడు, అవి సరిచేస్తే ఆ బాధ పోతుంది. తృప్తి కలగడానికి మాత్రం పని తాలూకు ఫలితం కనిపించాలి, ఎవరైనా గుర్తించాలి, బాధ్యత చేతికి రావాలి. ఈ వాదాన్ని యాజమాన్యాలు ఎంతో ఇష్టంగా చెబుతాయి, ఎందుకంటే జీతం పెంచనక్కరలేదని అందులోంచి పిండుకోవచ్చు. కానీ ఆయన మాట్లాడింది ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో. నెల చివర గ్యాస్ బండకు వెతుక్కునే మనిషికి, ఊళ్లో పిల్లల ఫీజు కట్టాల్సిన మనిషికి జీతం అంటే నిద్ర పట్టడమూ పట్టకపోవడమూ. కాబట్టి ఆ 2,000 పెంచి మీరు మంచి పనే చేశారు. అది వాళ్ల బాధను కొంత తగ్గించింది, తృప్తిని మాత్రం తెచ్చిపెట్టలేకపోయింది. పెంచకపోయి ఉంటే నలుగురికి బదులు ఎనిమిదిమంది వెళ్లేవారేమో.

డబ్బు వైపు ఇంకా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థల్లో, నెలకు 21,000 వరకు జీతమున్నవారికి ఇ.ఎస్.ఐ., అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంటుంది. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 16,000 మీద లెక్కవేస్తే ఉద్యోగికి 120 రూపాయలు, యజమానికి 520 రూపాయలు. జ్వరమొచ్చి పడుకున్న రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా, చేతికి వచ్చే ఏర్పాటు అందులో ఉంది. మీ సంస్థ నమోదై ఉందో లేదో, ఉంటే ఆయాలకు కార్డులు చేతికిచ్చారో లేదో అకౌంటెంటును అడగండి. కార్డు ఉందన్న సంగతే తెలియని ఆయాలను నేను ఎంతోమందిని చూశాను. రెండోది వారపు సెలవు. చార్టులో ఉండి, ఎవరో రాకపోతే రద్దయ్యే సెలవును సెలవని ఎవరూ లెక్కపెట్టుకోరు. మూడోది నిద్ర. మన్యం నుంచి, ఒడిశా నుంచి వచ్చి మీ దగ్గరే ఉండి పనిచేసే పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు? వరండాలో రోగి మంచం పక్కన చాప వేసుకుని పడుకుంటుంటే, డ్యూటీ అయిపోయినట్టు వాళ్ల శరీరానికి ఎప్పుడూ తెలియదు. తలుపు వేసుకోగల ఒక గది, వాళ్లవే అయిన ఒక బాత్రూము లేనిచోట తృప్తి గురించి నేను ఏమి చెప్పినా అది కబుర్లే అవుతుంది. నడుము సంగతి కూడా చూడండి. ఎనభై కిలోల మనిషిని ఒక్కరే లేపి కుర్చీలో కూర్చోబెట్టే పద్ధతి మీ దగ్గర ఉంటే అది రేపే ఆగిపోవాలి. ఆయా ముప్పై అయిదేళ్లకే నడుము పట్టీ కట్టుకుని తిరగడం వృత్తిధర్మంలో భాగమేమీ కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1960 ప్రాంతంలో లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రి వారు తమ శిక్షణ నర్సుల సమస్య చూడమని ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలిని పిలిచారు. అక్కడి శిక్షణ నర్సుల్లో సుమారు మూడోవంతు చదువు పూర్తికాకుండానే వెళ్లిపోయేవారు. ఆమె గమనించినదేమిటంటే, బాధనూ చావునూ రోజంతా దగ్గర నుంచి చూడవలసి వచ్చినప్పుడు కలిగే ఆందోళన నుంచి నర్సులను కాపాడటానికన్నట్టుగా ఆసుపత్రి పనిని ముక్కలు ముక్కలు చేసింది. ఒక్కో నర్సు ముప్పై మందికి ఒకే పని చేయాలి. ఏ రోగితోనూ అనుబంధం ఏర్పడేలోపే వార్డు మారాలి. రోగిని పేరుతో పిలవకుండా మంచం నంబరుతోనో, చెడిపోయిన అవయవం పేరుతోనో పిలవాలి. ఇంత చేసినా నర్సుల ఆందోళన తగ్గలేదు. పైగా, పనిలో దొరకవలసిన సంతోషం కూడా ఆ ఏర్పాటులోనే కొట్టుకుపోయింది. వెళ్లిపోయినవారిలో మంచి నర్సులు కాగలిగినవారే ఎక్కువగా ఉన్నారన్నది ఆమె గమనించిన ఇంకో సంగతి. ఆ పరిశీలనకు అరవై ఏళ్లు దాటాయి. మీ ఉత్తరం చదువుతున్నప్పుడు, ఆమె మీ కేర్ హోమ్‌కు వచ్చి చూసి రాసినట్టే నాకు తోచింది.

నేనూ ఆ పద్ధతిలో పెరిగినదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో మా సిస్టరుగారు రోగి పేరు పలికినందుకు నన్ను మందలించారు. 'పద్నాలుగు అను, పేర్లు తికమక అవుతాయి' అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. రెండేళ్లు పోయాక నేను కూడా పద్నాలుగు అనడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆ పద్నాలుగో నంబరు మంచం మీద నాకు అక్షరాలు నేర్పిన మాస్టారు పడుకుని ఉన్నారు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా రెండుసార్లు బీపీ చూసి కూడా ఆయనను నేను గుర్తుపట్టలేదు. ఆయనే నన్ను పేరుపెట్టి పిలిచారు.

ఏం చేయాలో ఇప్పుడు మీ లెక్కల్లోనే చెబుతాను. 14 మందిలో ఎనిమిదిమందిని పగటికి, ఆరుగురిని రాత్రికి ఉంచితే, వారపు సెలవులు పోను పగలు సుమారు ఏడుగురు ఉంటారు. ఆరుగురిని మూడు జంటలుగా చేసి ఒక్కో జంటకు 14 మంది పెద్దవాళ్లను అప్పగించండి. ఏడో మనిషి ఏ జంటలో ఎవరు రాకపోతే అక్కడికి వెళతారు, మిగతా సమయంలో ఎక్కడ చేయి కావాలంటే అక్కడ ఉంటారు. జంట ఎందుకంటే, లేపడానికీ పక్కకు తిప్పడానికీ ఎలాగూ ఇద్దరు కావాలి. ఆ 14 మంది స్నానం, తిండి, డైపరు, జుట్టు, గోళ్లు, మందు మింగారో లేదో చూడటం, సాయంత్రం కాసేపు ఎండలో కూర్చోబెట్టడం అంతా ఆ ఇద్దరిదే. నెల తిరిగేసరికి ఎవరికి చల్లనీళ్లు పడవో, ఎవరు కుడి భుజం ముట్టుకుంటే ఉలిక్కిపడతారో, ఎవరు మాత్రను నాలుక కింద దాస్తారో ఆ ఇద్దరికీ తెలిసిపోతుంది. రాత్రివాళ్ల విషయంలో ఇంత కచ్చితంగా కుదరకపోయినా, వీలైనంత వరకు అవే ముఖాలు అవే గదులకు వెళ్లేలా చూడండి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. కొందరు పెద్దవాళ్లను రోజూ భరించడం కష్టం. తిట్టేవాళ్లు, కొరికేవాళ్లు, రాత్రంతా పిలిచేవాళ్లు ఒకే జంటకు శాశ్వతంగా పడితే అది శిక్ష అవుతుంది. కాబట్టి పంపకం మీరు చేయకండి. అందరినీ కూర్చోబెట్టి, కష్టమైనవారి పేర్లు ముందుగా వాళ్ల చేతే చెప్పించి, వారిని మూడు జంటలకూ సమంగా పంచి, మిగిలినవారిని ఎవరు కావాలంటే వారిని ఎంచుకోమనండి. మూడు నెలలకోసారి అడిగినవారికి మార్చండి, అడగనివారిని కదిలించకండి. మీకు ఆశ్చర్యంగా ఉంటుంది గాని, అందరూ వద్దన్న మనిషిని ఎవరో ఒకరు నేను చూసుకుంటానని తీసుకుంటారు. ఎందుకని అడిగితే, మా నానమ్మ ఇట్లాగే తిట్టేది అంటారు.

ఎనిమిదిలోపు స్నానాలు అయిపోవాలన్న నియమం ఎవరి కోసం ఉందో కూడా ఒకసారి వెతకండి. డాక్టరుగారు తొమ్మిదింటికి వచ్చే రోజు ఒకప్పుడు ఉండి, ఆయన రావడం మానేశాక కూడా ఆ నియమం మిగిలిపోయి ఉండవచ్చు. పొలం నుంచి వచ్చి సాయంత్రం వేడినీళ్లు పోసుకోవడం జీవితమంతా అలవాటైన రైతుకు తెల్లవారుజామున బలవంతపు స్నానం ఎందుకు? పూజ చేసుకోకుండా కాఫీ ముట్టని మామ్మగారికి మాత్రం ఆరింటికే కావాలి. ఈ రెండు అవసరాలూ ఆ జంటకు తెలిసినప్పుడు, పది స్నానాలు రెండు గంటల్లో కుక్కనక్కరలేకుండా రోజంతా పరుచుకుంటాయి. ఇందుకు యజమానిగారికి పైసా ఖర్చు లేదు. స్నానం వేళను ఆయా నిర్ణయించవచ్చన్న అధికారం ఇస్తే చాలు. అమెరికాలో బిల్ థామస్ అనే వైద్యుడు ఆలోచించిన పద్ధతిలో 2003లో మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలోలో పెద్ద నర్సింగ్ హోమ్‌కు బదులు పదిమంది ఉండే ఇళ్లు కట్టారు. అక్కడ ఆ పదిమందికి వండటం, ఇల్లు చూడటం, ఒంటి సంరక్షణ అన్నీ ఒకే చిన్న బృందం చేస్తుంది, రోజు ఎలా గడవాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. వాళ్లకు ఆయన ఆయా, అటెండరు లాంటి పేర్లు వద్దనుకుని షహబాజ్ అని పేరు పెట్టాడు. ఉర్దూ వినపడే హైదరాబాదులో ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు, రాజుగారి డేగ. మీరు కొత్త ఇళ్లు కట్టలేరు, పేర్లు మార్చనూ అక్కరలేదు. ఒక వరండాకు ఇద్దరు మనుషులు యజమానులైతే సరిపోతుంది.

తరువాతది హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు ఒకరు ఇంకొకరికి పని అప్పగించడం. మీ దగ్గర పొద్దున్న డ్యూటీ మారేటప్పుడు నర్సులు ఫైళ్లు చూసుకుంటుంటే ఆయాలు బకెట్లు సర్దుకుంటూ ఉంటారని ఊహిస్తున్నాను. ఇక నుంచి ముందుగా ఆయాలు మాట్లాడాలి. నిన్నటి నుంచి తాతగారు అన్నం బుగ్గన పెట్టుకుంటున్నారని చెప్పేది ఆయానే. మింగడం కష్టమవుతోందని, ఇలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని అర్థం చేసుకోవలసింది నర్సు. మడమ దగ్గర ఎర్రగా ఉంది, నొక్కినా రంగు మారడం లేదని ఆయా చెప్పిన రోజున పరుపు మార్చి, మడమ మీద ఒత్తిడి లేకుండా చూస్తే బెడ్‌సోర్ (పడక పుండు) ముదరకుండా ఆగుతుంది, వారం తరువాత చూస్తే ఆగదు. ఆ మాటను ఫైల్లో ఎవరు చెప్పారో పేరుతో సహా రాయండి. అంతకంటే ముఖ్యంగా, తరువాత ఏమైందో తిరిగి ఆమెకు చెప్పండి. 'నువ్వు చూసి చెప్పావు కాబట్టి డాక్టరు గొంతు పరీక్ష రాశారు, మెత్తటి ఆహారానికి మార్చాం, ఇప్పుడు దగ్గు రావడం లేదు' అన్న ఒక్క వాక్యం చేసే పని, గోడ మీద ఈ నెల ఉత్తమ ఉద్యోగి అని ఫొటో పెట్టడం చేయదు. ఆ ఫొటో ఒకరికి సంతోషమిచ్చి పదమూడుమందిని చిన్నబుచ్చుతుంది. నాకు ఆ అలవాటు మొదటి నుంచీ గిట్టదు.

మీరు ఉత్తరంలో రాయలేదు గాని తప్పకుండా ఉండే విషయం ఒకటి ఉంది. మంచం మీద ఉన్నవారు కొందరు స్నానం చేయించే ఆయాను 'మీరేమిట్లు?' అని కులం అడుగుతారు. జవాబు నచ్చకపోతే ఆమె చేతి అన్నం వద్దంటారు, అదే చేత్తో మలం ఎత్తించుకోవడానికి మాత్రం అభ్యంతరం ఉండదు. మతిమరుపు జబ్బు వల్ల చేయి చేసుకునేవారు, అసభ్యంగా పట్టుకునేవారు కూడా ఉంటారు. జబ్బు వల్ల చేసినదాన్నీ, తెలిసి అన్నదాన్నీ వేరుగా చూడాలి. మొదటిదానికి ఆయాకు శిక్షణ కావాలి, ఇద్దరు కలిసి వెళ్లే ఏర్పాటు కావాలి, జరిగినది చెబితే 'పాపం పెద్దాయన, పోనీలే' అని కొట్టివేయని ఇన్‌ఛార్జి కావాలి. రెండోదానికి మీరు ఆ గదిలోకి వెళ్లి, ఆయా ఎదుటే, ఇక్కడ అలా మాట్లాడటం కుదరదని మర్యాదగా చెప్పాలి. చేర్చుకునేటప్పుడు కుటుంబం సంతకం పెట్టే కాగితంలో కూడా ఆ వాక్యం ఉండాలి. అమెరికా నుంచి రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేసి అమ్మ చీర ఎందుకు నలిగిందని ఆయాను నిలదీసే కొడుకులకు, కూతుళ్లకు కూడా మీరే అడ్డుగా నిలబడండి. వాళ్ల కోపం చాలావరకు దూరంగా ఉన్నామన్న బాధ నుంచి పుట్టేదే. అయినా ఆ బాధను మోయడానికి ఆయాకు జీతమివ్వడం లేదు. ఫోన్లు మీ ద్వారా రావాలి. వారానికి ఒకసారి మాత్రం ఆ జంటలో ఒకరు ఆ కుటుంబంతో నేరుగా మాట్లాడి, ఈ వారం అమ్మగారు ఏం తిన్నారో, ఏ పాట గుర్తుచేసుకున్నారో చెప్పనివ్వండి. అలా నాలుగు వారాలు గడిస్తే నిలదీసే గొంతు మారుతుంది.

ఇక చావు గురించి, మీ గురించి.

మామ్మగారు పోయినప్పుడు ముందుగా ఖాళీ మంచం గుర్తుకు రావడం మీ కఠినత్వానికి గుర్తని మీరు భయపడుతున్నారు. క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల మొదట్లో ఇటువంటి వృత్తుల్లో ఉన్నవారి అలసటను కొలవడానికి ఒక పద్ధతి తయారుచేసినప్పుడు మూడు లక్షణాలు చెప్పారు. మనసు ఇంకిపోవడం, ఎదుటివారు మనుషులుగా కాక వస్తువులుగా అనిపించడం, నేను చేసేదానివల్ల ఏ ప్రయోజనమూ లేదనిపించడం. మీ ఉత్తరంలో ఈ మూడూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వృత్తి సంబంధమైన స్థితిగా గుర్తించింది, జబ్బుల్లో చేర్చలేదు. ఆ తేడా మీకు ఊరట కావాలి. పని ఏర్పాటు వల్ల వచ్చినది ఏర్పాటు మారితే తగ్గుతుంది. ఒకవేళ నిద్ర, ఆకలి పోయి వారాలు గడుస్తున్నా, బతకడం మీదే విసుగు కలుగుతున్నా అది వేరే సంగతి, దానికి వైద్యుణ్ణి చూడాలి. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ మామ్మగారి విషయంలో ఇంకొక మాట. ఏడవడానికి ఆ రోజు మీకు వేళ ఎక్కడిది? ఆమెను చూసుకున్న ఆయాలకు ఎవరు చెప్పారు? నేను చూసిన చాలాచోట్ల రాత్రి డ్యూటీకి వచ్చిన ఆయా, పాలగ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్లి, మంచం మీద కొత్త ముఖం చూసి తెలుసుకుంటుంది. రెండేళ్లు తల దువ్విన మనిషి పోయినట్టు అలా తెలిస్తే ఆ పిల్ల మళ్లీ ఎవరి తలైనా ప్రేమగా దువ్వుతుందా? ఎవరైనా పోతే ఆ జంటలో సెలవులో ఉన్నవారికి కూడా మీరే ఫోన్ చేసి చెప్పండి. కుటుంబం ఒప్పుకుంటే చివరి స్నానం, చీర మార్చడం ఆ ఇద్దరినే చేయనివ్వండి. శరీరం బయటికి వెళ్లేటప్పుడు చేతిలో పని ఆపి అందరూ వాకిట్లో నిలబడండి. ఒక్క రాత్రైనా ఆ మంచాన్ని ఖాళీగా ఉంచమని యజమానిగారిని అడగండి. ఒక రాత్రి అద్దె పోతుందని ఆయన అనవచ్చు. ఒక ఆయా మానేసి కొత్త మనిషి వచ్చి పని నేర్చుకునేదాకా పోయే రోజులను, ఏజెంటుకు ఇచ్చే కమీషనును, ఆ మధ్యలో పుట్టే బెడ్‌సోర్లను, ఫిర్యాదులను కాగితం మీద వేసి ఆ ఒక రాత్రి పక్కన పెట్టి చూపించండి.

ఆయనకు మొత్తం ఒకేసారి మార్చుదామని చెబితే భయపడతారు. ఒక వరండా, 14 మంది, ఒక జంట, మూడు నెలలు అని అడగండి. తృప్తి పెరిగిందో లేదో చూడటానికి నవ్వు ముఖాల బొమ్మలున్న ఫారాలు పంచకండి, ఇన్‌ఛార్జి చేతికిచ్చే ఫారంలో ఎవరూ ఏడుపు ముఖం మీద టిక్కు పెట్టరు. ఎంతమంది మానలేదన్న లెక్క మీద కూడా పూర్తిగా ఆధారపడకండి. అడ్వాన్సు తీసుకుని తీర్చలేక ఉండిపోయేవారు, సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకున్నారు కాబట్టి కదలలేనివారు కూడా ఆ లెక్కలో తృప్తిగా ఉన్నట్టే కనబడతారు. మీ దగ్గర అలా ఎవరి సర్టిఫికెట్లైనా ఉంటే ముందు వాటిని తిరిగి ఇచ్చేయండి. ఇందుకు భిన్నంగా, జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) చదవడానికి వెళ్లే పిల్ల, పెళ్లయి ఊరు మారే పిల్ల వెళ్లడం మీ ఓటమి కాదు. చూడవలసినవి వేరే ఉన్నాయి. హ్యాండోవర్‌లో ఆయాలు అడగకుండా మాట్లాడుతున్నారా, సెలవు నుంచి వచ్చిన ఆయా ముందుగా ఎవరి గదిలోకి వెళుతోంది, కొత్తగా వచ్చిన మనిషికి పాతవాళ్లు పని చెబుతున్నారా, లేక 'ఇక్కడ ఎక్కువ రోజులుండకు' అని చెబుతున్నారా. ఇవి మీరు కుర్చీలోంచి లేచి తిరిగితే పదిరోజుల్లో తెలిసిపోతాయి. మీరు కూడా ఆ 14 మందిలో ఒక్కరిని మీ మనిషిగా ఎంచుకుని వారానికి రెండుసార్లు స్నానం చేయించండి. ఇన్‌ఛార్జి స్నానం చేయించడమేమిటని ఎవరైనా అంటే అననివ్వండి. మీకు ఇప్పుడు అది మందు లాంటిది.

పార్వతీపురం అమ్మాయి నంబరు మీ ఫోన్లో ఉండే ఉంటుంది. తిరిగి రమ్మని అడగకండి, అది ఆమె ఇష్టం. కొత్త చార్టు వేసే ముందు మాత్రం ఒకసారి ఫోన్ చేసి, ఆ పదిమందిలో ఎవరి స్నానం పొద్దున్నే కావాలి, ఎవరిది సాయంత్రానికి జరపవచ్చు అని అడగండి. ముఖాలు చూడలేదని చెప్పింది గాని, ఎవరి వీపు మీద ఎక్కడ మచ్చ ఉందో ఆమెకు తెలిసే ఉంటుంది.